పది శాతం డివిడెండు ఇచ్చే షేర్లు కొని ఇరవై ఏళ్లు కదలకుండా కూర్చుంటే?

#1 — కొత్తచిగురు

నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. నాకు ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం ఉంది. ప్రతి నెలా జీతంలో కొంత షేర్లలో పెట్టాలని అనుకుంటున్నాను. ట్రేడింగ్ నాకు సరిపడదు. ధరలు చూస్తూ కూర్చునే తీరిక లేదు, ఆసక్తి అంతకన్నా లేదు.

నేను వేసుకున్న పథకం ఇది. షేరు ధరతో పోలిస్తే వాటాదారులకు ఏటా పంచే సొమ్ము, అంటే డివిడెండ్ ఈల్డ్, ఎనిమిది నుంచి పది శాతం దాకా ఉన్న కంపెనీలను వరుసగా పేర్చి, పైనుంచి పది ఎంచుకుంటాను. వచ్చిన డివిడెండ్లతో మళ్లీ అవే షేర్లు కొంటాను. రిటైరయ్యాక ఆ డివిడెండ్లతో బతుకుతాను. బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ వస్తుంది, అసలు ఎక్కడికీ పోదు. ఇందులో నా కంటికి ఆనని లోపం ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు చెప్పండి.

#2 — సందేహి

"అసలు ఎక్కడికీ పోదు." ఈ మాట మీకు ఎవరు చెప్పారు?

#3 — పాతకాపు

సందేహి గారూ, కొత్తగా వచ్చిన వారిని గుమ్మంలోనే నిలదీస్తే ఎలా? సరే, ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

కొత్తచిగురు గారూ, ట్రేడింగ్ జోలికి వెళ్లనని ముందే తేల్చుకున్నారు, సగం గండం గడిచినట్లే. మీ జాబితా సంగతికి వస్తే, అది తలకిందులుగా ఉంది. ఈల్డ్ అంటే ఏమిటి? ఏడాది డివిడెండును షేరు ధరతో భాగిస్తే వచ్చే అంకె. ఆ అంకె పెరగడానికి రెండు దారులున్నాయి. కంపెనీ డివిడెండు పెంచడం ఒకటి, షేరు ధర పడిపోవడం రెండోది. వంద దగ్గర ఉండి నాలుగు ఇచ్చే షేరు యాభైకి పడితే ఈల్డ్ నాలుగు నుంచి ఎనిమిది అవుతుంది. కంపెనీ అదనంగా పైసా ఇవ్వలేదు. మార్కెట్టుకు ఆ కంపెనీ మీద నమ్మకం సగం పోయింది, అంతే. ఈల్డ్ ప్రకారం పేర్చిన జాబితాలో పైవరుసల్లో ఎక్కువగా కనిపించేవి ఇలాంటివే.

అమెరికాలో వాల్‌గ్రీన్స్ అనే మందుల దుకాణాల కంపెనీ ఉంది. నలభై ఏళ్లకు పైగా ఏటేటా డివిడెండు పెంచుకుంటూ వచ్చింది. వ్యాపారం నీరసించి షేరు పడుతూ పోతుంటే ఈల్డ్ ఏడెనిమిది శాతానికి చేరింది. "ఇంత చరిత్ర ఉన్న కంపెనీ, ఇంత ఈల్డ్, ఇంకేం కావాలి" అని కొన్నవాళ్లు ఎందరో. 2024 జనవరిలో మూడు నెలలకోసారి ఇచ్చే డివిడెండును 48 సెంట్ల నుంచి 25 సెంట్లకు కోశారు. 2025 జనవరిలో మొత్తానికే ఆపేశారు. డివిడెండూ పోయింది, షేరు ధరా పోయింది.

#4 — మేఘమాల

నేను కంపెనీలకు అప్పులిచ్చే సంస్థలో పని చేస్తాను. కాబట్టి ఏ కంపెనీని చూసినా నాకు మొదట వచ్చే ప్రశ్న, "ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?"

వార్షిక నివేదికలో లాభనష్టాల పట్టికను అందరూ చూస్తారు. దాని తర్వాత వచ్చే నగదు ప్రవాహ పట్టికను చాలామంది తిప్పేస్తారు. డివిడెండ్ల మీద బతకాలనుకునేవారు చదవాల్సింది దాన్నే. అందులో మూడు భాగాలుంటాయి: వ్యాపారం నడిపితే వచ్చిన నగదు, ఆస్తుల మీద పెట్టిన నగదు, అప్పులకూ వాటాదారులకూ సంబంధించిన నగదు. మొదటి భాగం చివర ఉండే మొత్తంలోంచి, రెండో భాగంలో యంత్రాలకూ భవనాలకూ పెట్టిన ఖర్చు తీసేయండి. మిగిలింది కంపెనీ చేతిలో నిజంగా ఆడే డబ్బు. ఇప్పుడు మూడో భాగంలోకి దిగి "చెల్లించిన డివిడెండు" అన్న వరుస వెతకండి. చేతిలో మిగిలినదాని కంటే ఈ అంకె ఎక్కువగా ఉంటే, దాని పక్క వరుసల్లోనే "కొత్తగా తీసుకున్న అప్పులు" కూడా కనిపిస్తాయి. ఒక ఏడాది అలా జరిగితే కారణం అడగండి. వరుసగా మూడేళ్లు జరిగితే కారణం కూడా అడగనవసరం లేదు.

లాభం చూపించడంలో లెక్కల వెసులుబాట్లు చాలా ఉంటాయి. అరువు మీద సరుకు అమ్మినా అమ్మకం కిందే రాసుకోవచ్చు. డివిడెండు మాత్రం బ్యాంకు ఖాతాలో ఉన్న నగదుతోనే ఇవ్వాలి.

దీనికి జనరల్ ఎలక్ట్రిక్ మంచి పాఠం. 1938 తర్వాత ఎన్నడూ తగ్గించని డివిడెండును 2009లో 31 సెంట్ల నుంచి 10కి తగ్గించారు. తర్వాత మెల్లగా 24కు తెచ్చారు. 2017లో మళ్లీ సగానికి, 2018లో ఒక్క సెంటుకు దించారు. రెండో కోతకు ముందు ఆ నగదు పట్టిక చూసినవారికి, పారిశ్రామిక వ్యాపారాల నుంచి వస్తున్న నగదు డివిడెండుకు చాలడం లేదని తెలుస్తూనే ఉంది. పేరు ప్రతిష్ఠలు చూసి కొన్నవారికి మాత్రం అది పిడుగుపాటు.

#5 — కొత్తచిగురు

మేఘమాల గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇవాళే ఒక నివేదిక తెరిచి ఆ మూడు భాగాలూ వెతుకుతాను.

అయినా ఒక సందేహం. మంచి కంపెనీనే ఎంచుకున్నానని అనుకుందాం. ధర పెరిగితే లాభం, పెరగకపోయినా డివిడెండు వస్తూనే ఉంటుంది. డివిడెండు అదనపు ఆదాయమే కదా?

#6 — తర్కవాది

అదనం కాదు. ఈ అపోహ తొలగితే తప్ప మిగతా చర్చ ముందుకు సాగదు.

ప్రతి డివిడెండుకూ ఒక ఎక్స్-డివిడెండ్ తేదీ ఉంటుంది. ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండు రాదు. అందుకే ఆ ఉదయం షేరు ధర దాదాపు డివిడెండు మేరకు తగ్గి మొదలవుతుంది. డివిడెండు చిన్నదైతే రోజువారీ ఒడుదొడుకుల్లో కలిసిపోయి మన కంటపడదు. పెద్దదైతే కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 2004లో మైక్రోసాఫ్ట్ షేరుకు 3 డాలర్ల ప్రత్యేక డివిడెండు ఇచ్చింది. ఎక్స్ తేదీకి ముందు 30 డాలర్లకు అటూఇటూగా ఉన్న షేరు, ఆ రోజున 27 చుట్టూ తేలింది. ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు, ఎవరికీ ఏమీ కలిసిరాలేదు. కుడి జేబులోని సొమ్ము ఎడమ జేబులోకి వచ్చింది. అలా వస్తూ దారిలో పన్ను కట్టింది.

ఇది కొత్త విషయమూ కాదు. మిల్లర్, మోడిగ్లియాని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1961లోనే చూపించారు. పన్నులు, ఖర్చులు లేని మార్కెట్టులో, కంపెనీ పెట్టుబడి నిర్ణయాలు మారనంతవరకు, డివిడెండు ఎంత ఇచ్చినా వాటాదారుడి సంపద మారదు. ఇద్దరికీ తర్వాత వేర్వేరు సంవత్సరాల్లో నోబెల్ బహుమతి వచ్చింది. మీకు ఏడాదికి నాలుగు శాతం కావాలంటే నాలుగు శాతం షేర్లు అమ్ముకోండి. వారెన్ బఫెట్ పెట్టుబడి సంస్థ బెర్క్‌షైర్ హాథవేనే చూడండి. బఫెట్ చేతికి వచ్చాక అది డివిడెండు ఇచ్చింది ఒకే ఒక్కసారి, 1967లో, షేరుకు పది సెంట్లు. దాని వాటాదారులు పేదవారయ్యారా?

#7 — పాతకాపు

తర్కవాది గారూ, కాగితం మీద మీరు చెప్పినది అక్షరాలా నిజం. నేను రిటైరై డివిడెండ్ల మీదే బతుకుతున్నాను కనుక రెండో వైపు కూడా చెబుతాను.

2007 అక్టోబరు నుంచి 2009 మార్చి లోపు, అమెరికాలోని ఐదు వందల పెద్ద కంపెనీల ధరలను చూపే ఎస్ అండ్ పి 500 సూచీ సగానికి పైగా పడింది. అదే సూచీలోని కంపెనీలు 2009లో ఇచ్చిన మొత్తం డివిడెండు, ముందటి ఏడాదితో పోలిస్తే తగ్గింది సుమారు ఐదో వంతు. ధర సగమైన రోజున ఇంటి ఖర్చుకు షేర్లు అమ్మాలంటే మామూలుగా అమ్మేదానికి రెట్టింపు అమ్మాలి. అమ్మిన షేరు మళ్లీ రాదు. డివిడెండు తీసుకునే వాడు ఖర్చు ఐదో వంతు తగ్గించుకుంటాడు, షేర్ల సంఖ్య మాత్రం చెక్కుచెదరదు. సిద్ధాంతానికి ఈ రెండూ ఒకటే కావచ్చు. నెల మొదట్లో అమ్మకం బటన్ నొక్కవలసిన మనిషికి ఒకటి కాదు.

ఇంకొక మాట. డివిడెండు ఇవ్వాల్సిన భారం ఉన్న యాజమాన్యం చేతిలో పిచ్చి పనులకు డబ్బు తక్కువ మిగులుతుంది. సంబంధం లేని వ్యాపారాలు కొని చేతులు కాల్చుకున్న కంపెనీలను చాలా చూశాను. బఫెట్ లాంటి వారు తమ దగ్గరే ఉంచుకుంటే సరే. అందరూ బఫెట్లు కారు కదా!

#8 — తర్కవాది

రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిదానికి మాత్రం సూచీ సగటును అడ్డం పెట్టారు. కొత్తచిగురు గారు కొనబోయేది సూచీని కాదు, పది కంపెనీలను. అందులో రెండు ఒకే ఏడాది కోత పెడితే?

2010లో మెక్సికో అఖాతంలో చమురు బావి పేలినప్పుడు బ్రిటన్ చమురు కంపెనీ బీపీ మూడు త్రైమాసికాల డివిడెండు ఆపేసింది. బ్రిటన్ పింఛను నిధుల్లో చాలావాటికి ఆ కంపెనీ డివిడెండు ఒక పెద్ద ఆదాయం. 2020 ఏప్రిల్‌లో మరో చమురు కంపెనీ షెల్, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నడూ తగ్గించనిదాన్ని, 47 సెంట్ల నుంచి 16 సెంట్లకు తెచ్చింది. అదే వసంతంలో యూరప్ కేంద్ర బ్యాంకు, బ్రిటన్ నియంత్రణ సంస్థ, భారత రిజర్వు బ్యాంకు, అందరూ బ్యాంకులను డివిడెండ్లు ఆపమన్నారు. లాభాల్లో ఉన్న బ్యాంకులు కూడా ఆపాయి. యాజమాన్యం ఎంత మంచిదైనా పైనుంచి ఆదేశం వస్తే ఏం చేస్తుంది?

#9 — చిరుగాలి

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. కొత్తవారికి ఒక హెచ్చరిక. "500 శాతం డివిడెండు ప్రకటించిన కంపెనీ" అని వార్తల్లో శీర్షికలు చూసి ఆశపడవద్దు. భారత్‌లో కంపెనీలు ఆ శాతాన్ని షేరు ముఖ విలువ (మార్కెట్టు ధర కాదు, కాగితం మీద రాసిన విలువ) మీద చెబుతాయి. ముఖ విలువ ఒక రూపాయి అయితే 500 శాతం అంటే ఐదు రూపాయలు. మార్కెట్టులో ఆ షేరు వెయ్యి రూపాయలుంటే మీకు వచ్చేది అర శాతం.

#10 — లెక్కలపంతులు

ఇంతవరకు అందరూ మాటలతోనే సరిపెట్టారు. నేను కాస్త లెక్క వేస్తాను. కరెన్సీ ఏదైనా సరే, రెండు కంపెనీల్లో చెరొక లక్ష పెట్టామనుకోండి.

మొదటిది ఏటా మూడు శాతం డివిడెండు ఇస్తుంది. వ్యాపారం పెరుగుతున్న కొద్దీ ఆ డివిడెండు ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున పెరుగుతుంది. రెండోది ఎనిమిది శాతం ఇస్తుంది, ఎదుగూబొదుగూ లేదు.

మొదటి ఏడాది ఒకటి మూడు వేలు, రెండోది ఎనిమిది వేలు. ఈ దశలో అందరికీ రెండోదే నచ్చుతుంది. పదో ఏట మొదటిది ఆరు వేలకు వస్తుంది. పద్నాలుగో ఏట రెండోదాన్ని దాటుతుంది. ఇరవయ్యో ఏట సుమారు 12,950 ఇస్తుంది. రెండోది అప్పటికీ అదే ఎనిమిది వేలు. ధరలు ఏటా ఐదు శాతం పెరిగే చోట, ఇరవయ్యో ఏటి ఆ ఎనిమిది వేలతో కొనగలిగేది, మొదటి ఏట మూడు వేల రెండు వందల లోపు సొమ్ముతో కొనగలిగినంతే.

#11 — సందేహి

పంతులు గారూ, మీ అంకెలతోనే నేనూ కూడిక వేశాను. ఇరవై ఏళ్లలో చేతికి వచ్చిన మొత్తం: మొదటిది లక్షా ముప్పై ఏడు వేలు, రెండోది లక్షా అరవై వేలు. రెండోదే గెలిచింది కదా?

పైగా డివిడెండ్లన్నీ తిరిగి పెడితే? ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే ఏడాది ఆదాయం మొదటిదానికి 24 వేల పైచిలుకు, రెండోదానికి 37 వేల పైచిలుకు. ఇప్పుడూ రెండోదే ముందుంది. మీరు చెప్పిన నీతి మీ లెక్కలో కనిపించడం లేదు.

#12 — లెక్కలపంతులు

శభాష్! ఎవరో ఒకరు ఇది పట్టుకుంటారనే ఎదురుచూశాను. కూడిక సరైనదే. ఇప్పుడు అసలు చూద్దాం. డివిడెండ్లు తిరిగి పెట్టినప్పుడు డివిడెండుతో పాటే షేరు ధరా పెరుగుతుందనుకుంటే, మొదటిదాని మొత్తం రాబడి (మూడు, ఎనిమిది కలిపి) పదకొండు శాతం, ఇరవై ఏళ్లకు లక్ష ఎనిమిది లక్షల ఆరు వేలు అవుతుంది. రెండోదాని రాబడి ఎనిమిది శాతం, నాలుగు లక్షల అరవై ఆరు వేలు. మీకు ఆదాయమే ముఖ్యమనుకుంటే, ఆ రోజున మొదటిదాన్ని అమ్మి రెండోదాని లాంటి షేరు కొనుక్కోవచ్చు. 37 వేలు కాదు, 64 వేలు వస్తాయి. అంటే సంపద కూడబెట్టే కాలంలో చూడాల్సింది మొత్తం రాబడిని. దాన్ని తినే కాలం వచ్చాక ఈల్డ్ గురించి ఆలోచించవచ్చు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. రెండో కంపెనీ ఇరవై ఏళ్ల పాటు ఒక్క కోత కూడా లేకుండా ఎనిమిది శాతం ఇస్తుందని మనమే అనుకున్నాం. అలాంటిది దొరుకుతుందా అని పాతకాపు గారినీ మేఘమాల గారినీ అడగండి.

#13 — మేఘమాల

ఎదుగుదల లేకుండా, కోత కూడా లేకుండా ఇరవై ఏళ్లు అలాగే ఎనిమిది శాతం ఇచ్చే కంపెనీని నేనైతే చూడలేదు. ఎదగని వ్యాపారం ఎక్కువ కాలం ఉన్నచోట ఉండదు, తరుగుతుంది.

పంతులు గారి మొదటి కంపెనీకి నిజ జీవితంలో ఒక రూపం చూపిస్తాను. బెర్క్‌షైర్ ఏడేళ్ల పాటు కోకా-కోలా షేర్లు కొంటూ 1994 ఆగస్టుకు (తర్వాతి షేర్ల విభజనలు కలిపిన లెక్కలో) 40 కోట్ల షేర్లు పూర్తి చేసింది. మొత్తం ఖర్చు 130 కోట్ల డాలర్లు. 1994లో ఆ షేర్ల మీద వచ్చిన డివిడెండు 7.5 కోట్ల డాలర్లు. 2022లో వచ్చినది 70.4 కోట్ల డాలర్లు. కొత్తగా ఒక్క షేరు కొనలేదు, ఉన్నవి అమ్మలేదు. ఏటా కొనుగోలు ఖర్చులో సగానికి పైగా డివిడెండుగా తిరిగి వస్తోంది.

ఇందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మధ్యకాలం. 1998లో కోకా-కోలా షేరు ఒక గరిష్ఠ ధర చూసింది. అప్పుడు అది చాలా ఖరీదుగా ఉండేది. మళ్లీ ఆ ధరను దాటడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఆ కాలమంతా డివిడెండు మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చింది. ధర మాత్రమే చూసేవాడికి పోయిన దశాబ్దం, డివిడెండు చూసేవాడికి మామూలు దశాబ్దం. మీరు ఓపిక అంటున్నది నిజంగా అక్కరకొచ్చేది అలాంటి ఏళ్లలోనే. షేరు పెరుగుతూ ఉంటే పట్టుకుని కూర్చోవడానికి ఓపిక ఎందుకు?

#14 — తర్కవాది

కథ బాగుంది. "కొన్న ధర మీద యాభై నాలుగు శాతం ఈల్డ్" అనే అంకెతో మాత్రం జాగ్రత్త. అది గతాన్ని మెచ్చుకునే అంకె, ఈ రోజు నిర్ణయానికి పనికిరాదు. 2022 చివర ఆ షేర్ల విలువ 2,500 కోట్ల డాలర్లు. ఆ విలువ మీద 70.4 కోట్లంటే మూడు శాతం లోపే. ఈ రోజు పట్టుకుని ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఈ మూడు శాతంలోనూ ముందున్న ఎదుగుదలలోనూ ఉంది. 1994లో ఎంతకు కొన్నామన్నది షేరుకు తెలియదు.

#15 — మేఘమాల

ఆ విషయంలో మీతో పేచీ లేదు. ఏటా పెరుగుతూ పోయే డివిడెండు కాలంతో ఏమవుతుందో చూపడానికే చెప్పాను.

#16 — చిరుగాలి

పన్ను గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నేను విదేశంలో ఉంటున్నాను, అందుకని అడుగుతున్నాను. డివిడెండు తిరిగి పెట్టినా పన్ను కట్టాలా?

#17 — లెక్కలపంతులు

చాలా దేశాల్లో కట్టాలి. డివిడెండు మీ ఖాతాలో పడిన ఏడాదే అది ఆదాయం. దాంతో మీరు అదే షేరు కొన్నారా, ఖర్చు పెట్టారా అన్నది పన్ను శాఖకు అనవసరం. షేరు ధర పెరుగుదల మీద అయితే సాధారణంగా అమ్మినప్పుడే పన్ను. వాయిదా పడిన ఆ పన్ను కూడా మీ తరఫున చక్రవడ్డీ సంపాదిస్తూ ఉంటుంది. తర్కవాది గారు దారిలో పన్ను కట్టిందన్నది దీని గురించే. విదేశీ కంపెనీ షేరైతే అక్కడే ముందుగా కొంత పట్టుకుని మిగతాది పంపుతారు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే పట్టుకున్నదానికి ఇక్కడ సర్దుబాటు దొరకవచ్చు. మీ దేశం నిబంధనలు తెలిసిన వారిని అడిగి తేల్చుకోండి. ఒక మనిషికి పనికొచ్చిన పన్ను సలహా పక్క దేశంలో మరొకరికి నష్టం తెస్తుంది.

#18 — నిర్వాహకుడు

"నెలకు ఐదు శాతం గ్యారంటీ, మా గుంపులో చేరండి" అని ఒకరు ఇక్కడ పెట్టిన టపాను తొలగించాం. నెలకు ఐదు శాతం చక్రవడ్డీ మీద ఏడాదికి దాదాపు ఎనభై శాతం అవుతుంది. అలా సంపాదించగలిగినవారు అపరిచితుల కోసం వెతుక్కుంటూ తిరగరు. చర్చ కొనసాగించండి.

#19 — సందేహి

అందరూ ఓపిక ఓపిక అంటున్నారు. జపాన్ మదుపరుల సంగతి ఏమిటి? నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర 38,915 చూసింది. దాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్లు! ఓపిక పట్టి ఏం సాధించారు? అమెరికాలోనూ 1929 సెప్టెంబరులో 381 దగ్గర ఉన్న డౌ జోన్స్ 1932 జూలైలో 41కి పడి, పాత మెట్టుకు చేరింది 1954 నవంబరులో.

#20 — పాతకాపు

మంచి ప్రశ్న. జవాబు మీరు చెప్పిన అంకెల వెనకే ఉంది. 1989లో జపాన్ షేర్ల డివిడెండ్ ఈల్డ్ ఒక శాతం కూడా లేదు. ధరలు అంత పైకి వెళ్లాయి. చేతికి వచ్చే నగదు అంత తక్కువగా ఉన్నప్పుడు మీ రాబడి మొత్తం రేపు ఇంకొకరు ఇచ్చే ధర మీదే ఆధారపడుతుంది. 1929 అమెరికా సంగతి వేరు. అక్కడ డివిడెండ్లు చెప్పుకోదగ్గవి, కోతలు పడినా పూర్తిగా ఆగలేదు. పైగా ఆ తొలి ఏళ్లలో వస్తువుల ధరలే తగ్గాయి. డివిడెండ్లు తిరిగి పెట్టినవాడు 1954 కంటే చాలా ఏళ్ల ముందే తేరుకున్నాడు. సూచీ అంకెలో డివిడెండు కలవదని మరిచిపోతుంటాం. కాబట్టి ఎంతకు కొన్నామన్నది ఓపిక కంటే ముందు రావాలి. శిఖరం మీద మొత్తం ఒకేసారి పెట్టినవాడికీ, నెలనెలా పెడుతూ పతనంలోనూ కొన్నవాడికీ ఒకే చరిత్ర ఉండదు. కొత్తచిగురు గారికి నెల జీతం అక్కడే కలిసొస్తుంది.

ఓపిక అంటే కళ్లు మూసుకోవడం కూడా కాదు. నేను ధరలు రోజూ చూడను. వార్షిక నివేదిక వచ్చినప్పుడు మాత్రం కూర్చుని చదువుతాను. మేఘమాల గారు చెప్పిన నగదు చూస్తాను, అప్పు పెరిగిందా చూస్తాను, అమ్మకాలు ధర పెంచడం వల్ల పెరిగాయా, సరుకు ఎక్కువ కదలడం వల్లా చూస్తాను. ధర పడిందని ఎప్పుడూ అమ్మను. అప్పు చేసి డివిడెండు ఇస్తున్నారని తేలితే, ధర పెరుగుతున్నా అమ్మేస్తాను. ఇంట్లో రెండేళ్ల ఖర్చుకు సరిపడా సొమ్ము షేర్ల బయట ఉంచుతాను, కోత పడిన ఏడాది కంగారు లేకుండా. సగం డబ్బు, సూచీలోని కంపెనీలన్నింటినీ కొనే ఇండెక్స్ ఫండ్‌లోనే ఉంది. ఈ మాట చెబితే తర్కవాది గారు సంతోషిస్తారు.

#21 — తర్కవాది

సంతోషమే. మిగతా సగం కూడా అక్కడికే తెస్తే ఇంకా సంతోషిస్తాను.

#22 — కొత్తచిగురు

నా జాబితాను మళ్లీ మొదటి నుంచి చూశాను. పదింటిలో నాలుగు, అప్పు చేసి డివిడెండు ఇస్తున్నట్లు నగదు పట్టికలోనే తెలిసిపోయింది. మూడు గనులు, లోహాల కంపెనీలు. లోహం ధర మంచిగా ఉన్న ఏళ్లలో భారీగా ఇచ్చి, తర్వాత దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఒకదాని సంగతి అర్థం కావడం లేదు. ఈల్డ్ తొమ్మిది శాతం చూపిస్తోంది, అప్పు లేదు, నగదు బాగానే ఉంది. అయినా వ్యాపారం చూస్తే అంత ఇచ్చే స్థాయి కనిపించదు.

#23 — మేఘమాల

గత ఏడాది డివిడెండ్లను ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. వాటిలో "ప్రత్యేక డివిడెండు" అని ఏదైనా ఉందా? స్థలమో అనుబంధ సంస్థో అమ్మితే వచ్చిన సొమ్ము పంచి ఉంటారు. వెబ్‌సైట్లు దాన్నీ కలిపే ఈల్డ్ కడతాయి. అది ఏటా రాదు. తర్వాత గత ఐదేళ్ల మామూలు డివిడెండ్లు ఒక వరుసలో రాయండి. దాని కింద అదే ఏళ్ల నగదు మిగులు రాయండి. ఏ ఏడు ఏం జరిగిందో ఆ రెండు వరుసలే చెబుతాయి.

#24 — కొత్తచిగురు

మీరు చెప్పినట్లే ఉంది. తొమ్మిదిలో ఆరు ప్రత్యేక డివిడెండే, పాత ఫ్యాక్టరీ స్థలం అమ్మిన సొమ్ము. మామూలుది మూడు శాతం. దాన్ని పక్కన పెట్టాను. ఇక మిగిలినవి రెండు. అప్పుల సమస్య కనబడలేదు, డివిడెండు ఐదేళ్లుగా పెరుగుతోంది. నెలవారీ సొమ్ములో చాలా భాగం ఇండెక్స్ ఫండ్‌కు మళ్లించి, కొద్దిగా ఈ రెండింటిలో పెడదామనుకుంటున్నాను.

#25 — సందేహి

ఆ రెండూ ఏ రంగంలోవి?

#26 — కొత్తచిగురు

రెండూ బ్యాంకులే.

#27 — సందేహి

తర్కవాది గారి ఎనిమిదో టపా, రెండో పేరా మళ్లీ చదవండి.

#28 — మేఘమాల

ఇంకొకటి. బ్యాంకులకు నేను చెప్పిన నగదు పట్టిక పరీక్ష పనిచేయదు. డిపాజిట్లు తీసుకోవడం, అప్పులివ్వడమే వాటి వ్యాపారం కనుక ఆ అంకెలు వేరేలా కదులుతాయి. అక్కడ చూడాల్సింది మొండి బకాయిలు, మూలధన నిష్పత్తి. వాటి కోసం కొత్త చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.